నీళ్ళ గ్లాసులో బ్రౌన్ బ్రెడ్డు

మా మరదలి బరువు వీధి మొత్తానికి తెలుసు. ఎనభై నాలుగు కిలోల మూడు వందల గ్రాములు. బేకరీ గుమ్మం పక్కన నల్ల పలక మీద సుద్దముక్కతో, అరచేయంత అంకెలతో రాసి పెట్టారు. ఆడవాళ్ళ వయసు, మగవాళ్ళ జీతం అడగకూడదంటారు. ఆ మాట అన్నవాడెవడో బరువు సంగతి చేర్చడం మరిచిపోయాడు.

మరదలంటే నా భార్య చెల్లెలు. యాభై నాలుగేళ్ళ మనిషి. నేను మాత్రం ఇప్పటికీ "మరదలు పిల్లా" అనే పిలుస్తాను, ఆవిడ చేతికందింది విసురుతుంది. ఆవిడ చేతికి మామూలుగా అందేది పిండి ముద్దే కాబట్టి ప్రాణాలతో ఉన్నాను. భర్త పోయాక మా మేడ మీది గదిలోకి వచ్చేసింది. ఇద్దరం ఒకే బేకరీలో పనిచేసేవాళ్ళం. ఆవిడ లోపల పిండి కలిపేది, నేను బయట బ్రెడ్డు వ్యాను నడిపేవాణ్ణి.

ఇరవై ఆరేళ్ళు ఆ పిండి తొట్టి ముందు నిలబడింది. మిషను వచ్చాక కూడా ఆఖరి మర్దనా ఆవిడ చేతిదే. ముద్దను అరచేత్తో నొక్కి, అదే చేత్తో తన చెవి తమ్మె పట్టుకుని చూసేది. రెండూ ఒకేలా మెత్తగా ఉంటే పిండి అయినట్టు. అందుకే ఆవిడ కుడి చెవి ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఒక ఎండాకాలం ఆవిడ కలిపిన పిండి పొంగి, తొట్టి దాటి, తలుపు తోసుకుని వీధిలోకి వచ్చి, పోస్టుమ్యాను సైకిలును మింగేసిందని చెబితే మా మనవరాలు నమ్మదు. సరే, సైకిలు నేను చేర్చిందే. తలుపు తోసుకొచ్చిన మాట మాత్రం నిజం.

నిలబడి నిలబడి కుడి మోకాలు గుమ్మడికాయలా వాచింది. డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి పట్టుకుని చూసి, ఉన్నమాట చెప్పింది.

"మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గాలి. తగ్గకపోతే నిలబడే పని మానెయ్యాల్సిందే. తెల్ల బ్రెడ్డు ఆపి, పొట్టు తీయని ముడి గోధుమ బ్రెడ్డు తినండి. తొందరగా ఆకలి వేయదు. అయినా లెక్కగానే తినాలి, ముడి గోధుమ కదా అని ముద్దలు మింగకూడదు."

నిలబడే పని మానడమంటే ప్యాకింగు గదికి వెళ్ళడం. అక్కడ ఎత్తు స్టూలు మీద కూర్చుని, కోసిన బ్రెడ్డును కవర్లో దూర్చి, మూతి మెలితిప్పి, పక్కకు నెట్టాలి. మళ్ళీ ఇంకోటి. మరదలు ఆ గది గుమ్మం వైపు చూస్తే చాలు, మూతి ముడుచుకునేది.

"పురుడు పోసే చేతికి బట్టలు మడతపెట్టే పనా?" అంది. "చచ్చినా వెళ్ళను."

"వెళ్ళకపోతే తగ్గు," అంది నా భార్య. "దానికేముంది? మీ బేకరీలోనే బ్రౌన్ బ్రెడ్డు ఉందిగా!"

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. మా బ్రౌన్ బ్రెడ్డు తెల్ల బ్రెడ్డే, పైన కోటు తొడుక్కుంది అంతే. అదే మైదా. చూపుకి గుప్పెడు గోధుమ పొట్టు. రంగుకి మాడ్చిన చక్కెర పాకం రెండు చెంబులు. చాలా ఏళ్ళ కిందట ముడి పిండి రావడం కొన్ని నెలలు ఆగిపోతే, కొట్టు పరువు కాపాడుకోవడానికి పెద్ద ఓనరు చేసిన ఏర్పాటది. పిండి మళ్ళీ వచ్చింది కానీ పాకం పోలేదు. కొనేవాళ్ళకి ఈ రంగే నచ్చింది, ఈ మెత్తదనమే నచ్చింది. "ఈ గది మాట గుమ్మం దాటకూడదు," అన్నాడు పెద్దాయన. దాటలేదు. ఎంత గట్టిగా దాటలేదంటే, ఆయన పోయాక కొట్టు చూసుకుంటున్న సొంత కొడుక్కి కూడా తెలియదు. చిన్నబాబుకి పిండి గాలి తగిలితే తుమ్ములు. పుట్టి పెరిగింది ఆ కొట్టులోనే అయినా పిండి గదిలో కాలు పెట్టలేదు. పిండి తెప్పించేది, పొయ్యి చూసేది అంతా మాస్టరు. కాబట్టి తెలిసింది ముగ్గురికి. మాస్టరుకి, చక్కెర మాడ్చే మా మరదలికి, చక్కెర బస్తాలు మోసుకొచ్చే నాకు.

ఆ సాయంత్రం నా భార్య బ్రౌన్ బ్రెడ్డు కవరు బల్ల మీద పెట్టింది.

"ఇవాళ్టి నుంచి నీకిదే."

"నాకొద్దు."

"డాక్టరమ్మ చెప్పిందే తల్లీ!"

"డాక్టరమ్మ చెప్పింది ఇది కాదు."

"బ్రౌనే కదే?"

"కాకి కూడా నలుపే అక్కా. పాడమంటావా?"

నా భార్య నా వైపు తిరిగింది. "చూశారా దీని మొండితనం! మీరైనా చెప్పండి."

నేను పేపర్లో పెళ్ళి సంబంధాల పేజీ శ్రద్ధగా చదువుతున్నాను. నాకు అప్పటికే ముగ్గురు మనవలు.

"బావేం చెబుతాడు?" అంది మరదలు. "బావ వ్యాను తోలడంలో కంటే మాట మింగడంలో గట్టివాడు."

చిన్నప్పుడు మా బడి సిస్టరమ్మ, అబద్ధం ఆడితే నాలుక మీద మచ్చ వస్తుందని చెప్పేది. నోరు మూసుకుని ఊరుకుంటే ఏం వస్తుందో చెప్పలేదు. అందుకే నాకు ఆ పద్ధతి బాగా అలవాటైంది.

మరదలు లేచి, కొట్టు నుంచి తెచ్చుకున్న తెల్ల బ్రెడ్డులోంచి రెండు ముక్కలు కోసింది. పక్కన ఉడికిన గుడ్డు ఒకటి, చక్రాలుగా తరిగిన కీర దోసకాయ.

"తెల్లదాన్ని తెల్లదని తెలిసే తింటాను. పూటకి రెండు ముక్కలు. మూడోదాని మీద చెయ్యి పడితే ఆ చెయ్యి నువ్వే విరిచెయ్యి అక్కా."

"తెల్లది తిని ఎవరైనా తగ్గుతారటే?"

"చూద్దువుగాని."

మర్నాడు డాక్టరు మాట చిన్నబాబు చెవిన పడింది. మనిషి చెడ్డవాడు కాదు. గుండ్రంగా, నవ్వుతూ ఉంటాడు, మా మరదల్ని పిన్నీ అని పిలుస్తాడు. ఏది చూసినా అమ్మకంగా కనిపించడం ఒక్కటే ఆయన జబ్బు.

"పిన్నీ, ప్రతి శనివారం మన కాటా ఎక్కండి. పలక మీద బరువు రాద్దాం. ఎనిమిది కిలోలు తగ్గారంటే తొట్టి దగ్గర మీ చోటు మీదే, ఎవరూ కదపరు. తగ్గకపోతే ప్యాకింగు, మారు మాట లేదు. మన బ్రౌన్ బ్రెడ్డుకీ పేరు."

"ఎక్కుతాను. ఎంత తగ్గానో రాయండి. ఏం తిన్నానో మాత్రం రాయకండి."

"ఏం పిన్నీ?"

"నా తిండి నా ఇష్టం బాబూ."

ఆయన నవ్వి సరేనన్నాడు. పిండి బస్తాలు తూచే కాటాని నలుగురం మోసి గుమ్మంలో పెట్టాం. మొదటి శనివారం మరదలు చెప్పులు విడిచి, పమిట బిగించి, పట్టాభిషేకానికి వెళ్ళినట్టు ఎక్కింది. అదే ఎనభై నాలుగు మూడు వందలు. రెండో శనివారం మూడు వందలు పెరిగింది! ఎదురుగా ఉన్న మంగలి దుకాణం మొత్తం గుమ్మంలోకి వచ్చి నిలబడింది, సగం గడ్డం గీసిన మనిషితో సహా.

"ఏమమ్మా, బస్తాకి ఇంకా చిల్లు పడలేదా?" అన్నాడు మంగలి.

"నీ కత్తెరకైతే చిటికెలో తరుగుతుంది నాయనా. ఇది ఒళ్ళు, జుట్టు కాదు. నువ్వు ముందు ఆ రెండో చెంప గియ్యి, పాపం ఆయన్ని చూసి పిల్లలు జడుసుకుంటారు."

అలా అందే కానీ ఆ వారమంతా ఆవిడ ఆకలి నేను చూశాను. వేడి బ్రెడ్డు పొయ్యిలోంచి దిగే వేళకి, ఆ వాసన మధ్య నిలబడి, మంచినీళ్ళ చెంబు ఎత్తి గటగటా తాగేది. మైదా మాయదారిది, తిన్న రెండు గంటలకే కడుపు మళ్ళీ తలుపు తట్టేది. తట్టినా తీసేది కాదు. మోకాలు నొప్పని అన్నాళ్ళూ నా వ్యానులో ఇంటికొచ్చేది, ఇప్పుడు అది మానేసింది. రోజూ ఇంటికి నడిచే వచ్చేది, వీధి చివర దాకా చుట్టి ఒక రోజు, పార్కు చుట్టూ తిరిగి ఇంకో రోజు. నేను పక్కన వ్యాను మెల్లగా నడుపుతూ "ఎక్కు" అనేవాణ్ణి. "నువ్వే దిగు, నీ పొట్టా తక్కువేం లేదు," అనేది.

కాటా ముల్లు లొంగింది. మూడో వారం కిలో, నాలుగో వారం ఇంకో ఏడు వందలు. ఏడో శనివారానికి ఎనభై కిలోల తొమ్మిది వందలు. మంగలి చప్పట్లు కొట్టాడు. చిన్నబాబుకి ఆనందం పట్టలేదు. అంకెల కింద, పెద్ద అక్షరాలతో, మాట తప్పి రాసేశాడు: మా బ్రౌన్ బ్రెడ్డు మహిమ!

మరదలు ఆ మాట చదివి నోరు తెరిచేలోపే పక్క కొట్టు టైలరమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, మొహం వాడిపోయి ఉంది.

"మీ పలక చూసే అక్కా, నేనూ మొదలుపెట్టాను. నాకు షుగరు కదా. తెల్లది పూర్తిగా మానేశాను. ఇదైతే ఆరేసి ముక్కలు తింటున్నా. బ్రౌన్ కదా, ఎంత తిన్నా ఏం కాదుగా?"

"షుగరు తగ్గిందా?" అంది మరదలు.

"అదే అర్థం కావట్లేదు. మొన్న పరీక్షలో ఇంకా పెరిగింది. మీకు పనిచేసింది కదా, నాకూ చేస్తుంది."

ఆ రోజు మరదలు వ్యాను ఎక్కింది. ఎక్కి, వెనక ఖాళీ ట్రేల మధ్య కూర్చుని, తన చేతులు చూసుకుంది.

"చక్కెర మాడ్చింది ఈ చేత్తోనే బావా. పైగా నా బరువు చూపించి ఆవిడ చేత తినిపిస్తున్నారు. నా ఆకలంతా ఆ పాకం ఖాతాలో పడింది. వచ్చే శనివారం చెప్పేస్తాను."

వ్యాను పక్కన బీడీ ఆర్పుతున్న పొయ్యి మాస్టరు విన్నాడు. "నోరు మూసుకో. పదకొండు మంది పొట్ట కొడతావా? ముందు పోయేది నువ్వే, గుర్తుంచుకో."

నాకూ భయమే. "మరదలా, ఇంకో అయిదు వారాలు. నీ చోటు ఖాయం చేసుకో. ఆ తర్వాత చెబుదువు."

"చోటు ఖాయం అయ్యాక నోరు రాదు బావా. నీకు వచ్చిందా?"

ఆ మాటకి జవాబుగా నేను గేరు మార్చాను. వ్యాను అప్పటికింకా బయల్దేరలేదు.

శనివారం వచ్చింది. జనం బాగానే చేరారు. ఎనభై కిలోల నాలుగు వందలు. చిన్నబాబు సుద్దముక్క ఎత్తాడు.

"ఆగండి," అంది మరదలు కాటా మీదే నిలబడి. "బావా, రెండు గ్లాసుల నీళ్ళు తీసుకురా."

నా కాళ్ళు నన్నడక్కుండానే వెళ్ళి తెచ్చేశాయి. ఆవిడ కౌంటరు మీది కవర్లు విప్పి, ఒక గ్లాసులో తెల్ల ముక్క, ఇంకో గ్లాసులో బ్రౌన్ ముక్క వేసి, చెంచాతో ఒత్తింది. ఒక గ్లాసు నీళ్ళు పాల నీళ్ళయ్యాయి. ఇంకో గ్లాసు మెల్లగా చిక్కటి టీ అయింది. అందులోంచి చెంచాతో ముక్కను పైకి తీసింది. రంగు దిగి, అక్కడక్కడా పొట్టు మరకలతో, పక్క గ్లాసులోని ముక్కకి కవల పిల్లలా ఉంది.

"మాడ్చిన చక్కెర. ఇన్నేళ్ళుగా మాడ్చింది నేనే," అంది. "నేను తగ్గింది దీన్ని తిని కాదు. తెల్లదే తిన్నాను, పూటకి రెండు ముక్కలు, ఆకలి ఓర్చుకుని. టైలరమ్మా, నువ్వు తిన్నది ఆరు ముక్కల మైదా, పైన పంచదార. తప్పు నాది. తిట్టు."

టైలరమ్మ తిట్టలేదు. గ్లాసు ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ముందు నోరు తెరిచింది చిన్నబాబు.

"పిన్నీ... నేను రెండేళ్ళుగా ఇదే తింటున్నాను. పొద్దున నాలుగు, సాయంత్రం నాలుగు. తగ్గుదామని."

"అదా సంగతి!" అన్నాడు మంగలి. "బొత్తాలు ఎందుకు ఊడుతున్నాయా అని నేనూ అనుకుంటున్నా."

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుకి చిన్నబాబు మొహం పొయ్యి గోడలా ఎర్రబడింది. "నాతో లోపల చెప్పొచ్చుగా? ఇంతమందిలోనా?"

"మీరు పలక మీద రాసిందీ ఇంతమందిలోనే బాబూ. లోపలంటారా, ఆ గదిలోకి మీరెప్పుడు వచ్చారు?"

"సోమవారం నుంచి మీరు రావద్దు."

"వస్తాను."

"గేటు తీయరు!"

మరదలు కాటా దిగి, బొడ్లోంచి తాళంచెవి తీసి చూపించింది. "రోజూ ముందు వచ్చి గేటు తీసేది నేనే."

సోమవారం ఆవిడే తీసింది. ఇన్నాళ్ళు మాట మింగినందుకు జరిమానా అని చెప్పి, ఆదివారమే నన్ను పిండి మిల్లుకి తరిమి, ముడి గోధుమ పిండి బస్తా తెప్పించింది. మాస్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, సాయం పట్టలేదు, అడ్డమూ పడలేదు. తొలి వాయి గురించి ఎక్కువ చెప్పను. ఒక బ్రెడ్డు నా వ్యాను చక్రం కింద అడ్డుగా పెట్టుకున్నాను. వాలులో వారం రోజులు వ్యాను అంగుళం జరగలేదు.

"నవ్వు బావా, నవ్వు," అంది. "పొట్టు నీళ్ళు తాగేస్తోంది. దీనికి మైదా లెక్క సరిపోదు." చెవి తమ్మె పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత నీళ్ళు పెంచి, పిండిని తడిపి, తడిగుడ్డ కప్పి రాత్రంతా వదిలేసింది. మర్నాడు పొయ్యిలోంచి దిగింది ఇటుక కాదు, బ్రెడ్డు. కోస్తే పొట్టు కనిపించింది, గోధుమ వాసన గది నిండింది. రంగు మాత్రం ఎండు మట్టిలా వెలిసిపోయి ఉంది.

అప్పుడే గుమ్మంలో తుమ్ము వినిపించింది. చిన్నబాబు! ముక్కుకి రుమాలు కట్టుకుని పిండి గదిలోకి వచ్చాడు. పదిహేడు తుమ్ములు, నేను లెక్కపెట్టాను. తొట్టి చూశాడు, పాకం మరకలు పట్టిన చెంబు చూశాడు, దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు తిప్పాడు.

"ఇది నాన్న చెంబు కదా," అన్నాడు. తర్వాత, "బయట జనం అడుగుతున్నారు. సగం మంది తిడుతున్నారు, సగం మంది అసలుది ఎప్పుడని అడుగుతున్నారు."

"ఇవాళే," అని ఒక ముక్క చేతిలో పెట్టింది మరదలు.

నమిలాడు. ఇంకా నమిలాడు. "గట్టిగా ఉంది."

"దవడకి పని చెబుతుంది. అందుకే రెండు ముక్కలకే చాలనిపిస్తుంది. అలాగని ఎనిమిది తినకండి, ఇదేం మందు కాదు, బ్రెడ్డే."

ఆ రోజు ఆయన రమ్మననూ లేదు, పొమ్మననూ లేదు. కొన్నాళ్ళు కష్టంగానే గడిచింది. ఇదేం రంగని కొందరు రావడం మానేశారు, మెత్తగా లేదని ఒకాయన కవరు కౌంటరు మీద విసిరికొట్టాడు. ఆయనకి మరదలే తెల్లది తెచ్చిచ్చి, "ఇది మైదా. తెలిసి తినండి, తక్కువ తినండి," అంది. టైలరమ్మ ఒక వారం కనిపించలేదు. తర్వాత వచ్చి, మొహం చూడకుండా, అసలుది ఒకటి ఇమ్మంది. కోసి ఇచ్చేముందు మరదలు గ్లాసులో ముక్క వేసి చూపించింది. నీళ్ళు తేటగా ఉన్నాయి, అడుగున కాస్త పొట్టు.

గడువు ముగిసిన శనివారం మళ్ళీ వీధంతా వచ్చింది. మరదలు కాటా ఎక్కింది. ముల్లు ఊగి, ఆలోచించి, నిలబడింది. డెబ్బై ఏడు కిలోల వంద. ఎనిమిది కిలోలకి ఇంకా ఎనిమిది వందల గ్రాములు తక్కువ.

"చెప్పులతో ఎక్కిందేమో చూడండి," అన్నాను నేను, ఏదో ఒకటి అనాలని. ఆవిడ వట్టి కాళ్ళతోనే ఉంది.

చిన్నబాబు సుద్దముక్క పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "పోన్లే పిన్నీ, డెబ్బై ఆరు మూడు వందలని రాసేస్తాను. ఎవరు చూడొచ్చారు?"

"రాస్తే మళ్ళీ నీళ్ళ గ్లాసు తెప్పిస్తా," అంది. "ఉన్నది రాయండి."

రాశాడు. "మరి మన మాట... ప్యాకింగు?"

"వెళ్ళను. మాట అనుకున్నాం, నేను ఓడాను, ఒప్పుకుంటున్నాను. అయినా వెళ్ళను. మోకాలు వాపు తగ్గింది, నిన్న డాక్టరమ్మ చూసింది. గంటకోసారి కూర్చోమంది, కూర్చుంటాను. మిగతా ఎనిమిది వందలూ తగ్గుతాను, నా కాళ్ళ మీద నిలబడే తగ్గుతాను. కాదంటే ఆ తొట్టితో సహా నన్ను బయట పెట్టండి."

ఆ తొట్టిని కదపడానికి ఆరుగురు కావాలి. చిన్నబాబు తొట్టి గది వైపు చూశాడు, పలక వైపు చూశాడు.

"సోమవారం ఎన్ని బస్తాలు తడపాలి పిన్నీ?" అన్నాడు.

"మూడు," అంది ఆవిడ. దిగుతూ ఆయన చేతిలోంచి సుద్దముక్క లాక్కుంది. "పలక మీద ఇంకా చోటుంది. ఎక్కండి."

మంగలి ఈల వేశాడు. చిన్నబాబు కాసేపు గునిసి, బూట్లు విప్పి, ఎక్కాడు. తొంభై ఎనిమిది కిలోల రెండు వందలు. ఆవిడ తన అంకెల పక్కన, అంతే పెద్దగా రాసి, జనంలోకి చూసింది.

"బావా, ఎక్కడికి జారుకుంటున్నావ్?"

నేను వ్యాను తాళాలు వెతుక్కుంటున్నాను. అవి నా చేతిలోనే ఉన్నాయి.